బ్లోయరు (పికప్ ట్రక్కు)

బ్లోయరు అనేది మోటారు వాహనాలలో హీటరు గాలిని, ఎయిర్ కండిషనరు (ఏసీ) గాలిని మనుషులు కూర్చునే క్యాబిన్‌లోకి నెట్టే విద్యుత్తు పంకా. వేడిని పుట్టించేది గానీ చల్లదనాన్ని కలిగించేది గానీ బ్లోయరు కాదు. ఆ పనులు చేసే భాగాల గుండా గాలిని తోయడం మాత్రమే దీని పని. అయినప్పటికీ ఇది ఆగిపోతే హీటరు, ఏసీ రెండూ ఉండి కూడా లేనట్లే అవుతాయి. వాహనం ముందు అద్దంపై పట్టే మంచును, లోపలి వైపు పట్టే ఆవిరిని తొలగించేది కూడా ఈ గాలే. కనుక చలి ప్రదేశాలలో బ్లోయరు చెడిపోవడాన్ని కేవలం సౌకర్యానికి సంబంధించిన లోపంగా పరిగణించరాదు.

ఈ వ్యాసంలో ప్రధానంగా ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్న పికప్ ట్రక్కుల బ్లోయరు, అందులో వచ్చే లోపాలు, వాటి కారణాలను కనుగొనే పద్ధతులు వివరించబడ్డాయి. సూత్రాలు మాత్రం 12 వోల్టుల బ్యాటరీ గల ఇతర వాహనాలకు కూడా చాలావరకు వర్తిస్తాయి.

ప్రాముఖ్యత

అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో పికప్ ట్రక్కు రైతులు, వడ్రంగులు, విద్యుత్తు పనివారు మొదలైనవారికి పనిముట్టు, సొంత వాహనం రెండూ. ఫోర్డు ఎఫ్ సిరీస్ 1977 నుండి అమెరికాలో అత్యధికంగా అమ్ముడవుతున్న పికప్ శ్రేణి. షెవ్రొలే సిల్వరాడో, రామ్ శ్రేణులు కూడా బహుళ ప్రచారంలో ఉన్నాయి. ఈ వాహనాలను ఇరవై ఏళ్ళకు పైబడి వాడేవారు, చిన్న మరమ్మతులను ఇంటివద్దనే చేసుకొనేవారు అక్కడ చాలామంది ఉన్నారు.

ఆ దేశపు సమాఖ్య మోటారు వాహన భద్రతా ప్రమాణాలలో 103వది ముందు అద్దంపై మంచును, ఆవిరిని తొలగించే ఏర్పాటుకు సంబంధించినది. ఇది కార్లతో పాటు ట్రక్కులకు, బస్సులకు కూడా వర్తిస్తుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత ఉన్న ఉదయాన మూసిన క్యాబిన్‌లో ఇద్దరు మనుషులు శ్వాసిస్తే అద్దం లోపలి వైపు కొద్ది నిమిషాలలోనే మసకబారుతుంది. అప్పుడు గాలి ఆడకపోతే డ్రైవరు చేతి గుడ్డతో తుడుచుకొంటూ నడపవలసిందే. అద్దం వైపుకు గాలిని మళ్ళించినప్పుడు చాలా వాహనాలలో ఏసీ కంప్రెసరు కూడా దానంతట అదే పనిచేయడానికి కారణం ఇదే. చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, పొడి గాలి అద్దానికి చేరుతుంది.

చరిత్ర

తొలినాటి కార్లలో ఇంజను వేడిని నేరుగా క్యాబిన్‌లోకి వదిలేవారు. అమెరికాకు చెందిన నాష్ సంస్థ 1938లో బయటి గాలిని వడగట్టి, వేడిచేసి, పంకాతో లోపలికి పంపే పద్ధతిని ప్రవేశపెట్టింది. ప్యాకార్డ్ సంస్థ 1940 నమూనా కార్లలో ఏసీని అందించింది. అందులో డ్రైవరు చేతికి అందే నియంత్రణ బ్లోయరు స్విచ్చి ఒక్కటే. ఏసీని పూర్తిగా నిలిపివేయాలంటే ఇంజను ఆపి, కంప్రెసరు బెల్టును ఊడదీయవలసి వచ్చేది. 1954లో నాష్ సంస్థ హీటరును, ఏసీని వాహనం ముందు భాగంలోనే ఒకే ఏర్పాటుగా అమర్చింది. ఒకే బ్లోయరు రెండింటికీ గాలినిచ్చే నేటి పద్ధతికి ఇది దగ్గరి పోలిక.

నిర్మాణం

పికప్ ట్రక్కులో బ్లోయరు సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద, ప్రయాణికుని కాళ్ళ వైపు, గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది. కొన్ని పాత నమూనాలలో దీనిని ఇంజను వైపు నుండి విప్పవలసి ఉంటుంది. ఇందులో శాశ్వత అయస్కాంతాలు గల డీసీ మోటారు, దాని ఇరుసుకు బిగించిన పీపా ఆకారపు ప్లాస్టిక్కు చక్రం ఉంటాయి. చక్రం అంచున సన్నని రెక్కలు వరుసగా ఉంటాయి. అది మధ్యలో గాలిని పీల్చుకొని అంచుల నుండి బయటకు విసురుతుంది.

బయటి గాలి ముందు అద్దం అడుగున ఉండే జల్లెడ వంటి రంధ్రాల నుండి వస్తుంది. అక్కడి నుండి బ్లోయరు, తరువాత ఏసీ కూలింగ్ కాయిల్, ఆపైన ఇంజను కూలంటు పారే హీటరు కోర్ వస్తాయి. చివరకు పలకల వంటి తలుపులు గాలిని అద్దానికి, ముఖానికి, కాళ్ళకు పంచుతాయి. పాత ట్రక్కులలో ఈ తలుపులను ఇంజను వాక్యూమ్ కదిలించేది. వాక్యూమ్ గొట్టం ఊడిపోయినప్పుడు గాలి మొత్తం ముందు అద్దం వైపే పోవడం ఆ వాహనాలలో తరచుగా కనిపిస్తుంది. ఇది బ్లోయరు లోపం కాదు. ఏ భాగం విఫలమైనా అద్దానికి మాత్రం గాలి అందాలన్న ఉద్దేశంతో తయారీదారులు కావాలనే చేసిన ఏర్పాటు.

వేగ నియంత్రణ

చేతితో తిప్పే స్విచ్చి గల ట్రక్కులలో ఎక్కువగా నాలుగు వేగాలు ఉంటాయి. మోటారుకు వరుసలో నిరోధకాన్ని (రెసిస్టరు) చేర్చి వేగాన్ని తగ్గిస్తారు. రెసిస్టరు పలకపై మూడు చుట్టలు ఒకదాని తరువాత ఒకటి ఉన్నాయనుకొంటే, మూడవ వేగంలో విద్యుత్తు మోటారుకు దగ్గరి చుట్ట గుండా మాత్రమే ప్రవహిస్తుంది. రెండవ వేగంలో రెండు చుట్టల గుండా, మొదటి వేగంలో మూడింటి గుండా ప్రవహిస్తుంది. నాలుగవదైన గరిష్ఠ వేగంలో చుట్టలతో పని లేదు. చాలా వాహనాలలో ఒక రిలే ద్వారా విద్యుత్తు మోటారుకు నేరుగా చేరుతుంది.

తక్కువ వేగంలో మిగిలిన శక్తి రెసిస్టరులో వేడిగా మారుతుంది. ఉదాహరణకు 13.5 వోల్టుల వద్ద మొదటి వేగంలో 5 ఆంపియర్లు ప్రవహిస్తూ, మోటారు వద్ద 4.5 వోల్టులు మాత్రమే మిగిలితే, రెసిస్టరుపై పడే 9 వోల్టుల వలన 45 వాట్లు వేడిగా పోతాయి. మోటారు వాడుకొనేది అందులో సగం మాత్రమే. ఈ వేడిని తట్టుకోవడానికి రెసిస్టరును బ్లోయరు గాలి తగిలే చోట అమర్చుతారు. అంటే బ్లోయరు తన రెసిస్టరును తానే చల్లబరుచుకొంటుంది. గాలి తగ్గితే రెసిస్టరు కాలకుండా అందులోనే ఒక థర్మల్ ఫ్యూజు ఉంటుంది. ఇది ఒకసారి తెగితే మళ్ళీ అతుక్కోదు.

ఆటోమేటిక్ ఉష్ణోగ్రతా నియంత్రణ గల ట్రక్కులలో రెసిస్టరుకు బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూలు ఉంటుంది. అది విద్యుత్తును సెకనుకు ఎన్నోసార్లు కలుపుతూ, తెంపుతూ సగటు వోల్టేజీని మారుస్తుంది. ఇందులో వేడి నష్టం తక్కువ, వేగాలు ఎక్కువ. అయితే కింద చెప్పిన చుట్టల తర్కం దీనికి వర్తించదు. మాడ్యూలుకు ఆదేశాన్ని తెచ్చే సన్నని తీగపై బల్బు గల టెస్ట్ ల్యాంపును వాడరాదు. బల్బు లాగే విద్యుత్తును ఆ వలయం తట్టుకోలేకపోవచ్చును.

లోపాన్ని గుర్తించడం

పనిముట్లు తీయకముందే, ఏ వేగం పనిచేస్తున్నది, ఏది పనిచేయడం లేదు అన్నది వరుసగా చూసుకొంటే సగం పని పూర్తయినట్లే.

మొదటి మూడు వేగాలూ పోయి గరిష్ఠ వేగం మాత్రమే పనిచేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. దీనికి సాధారణ కారణం థర్మల్ ఫ్యూజు తెగడం. మోటారుకు దగ్గరి చుట్ట తెగినా ఫలితం ఇదే. మధ్య చుట్ట తెగితే ఒకటి, రెండు వేగాలు పోతాయి. చివరి చుట్ట తెగితే మొదటి వేగం ఒక్కటే పోతుంది. కొన్ని వాహనాలలో గరిష్ఠ వేగానికి వేరుగా ఫ్యూజు ఉంటుంది కనుక తక్కువ వేగాల ఫ్యూజును కూడా చూడాలి.

రెండవ వేగం పోయి మొదటి వేగం బాగానే పనిచేస్తున్నదనుకొందాం. మొదటి వేగంలో విద్యుత్తు మూడు చుట్టల గుండానూ ప్రవహించాలి కాబట్టి చుట్టలన్నీ బాగున్నట్లే. ఇక్కడ రెసిస్టరును మార్చడం వృథా. స్విచ్చిలోని రెండవ స్థానపు కాంటాక్టు గానీ, దాని తీగ గానీ చెడి ఉంటుంది. ఈ చిన్న తర్కం తెలియక కొత్త రెసిస్టరు కొని, అదే లోపంతో మిగిలిపోయేవారు ఎందరో ఉన్నారు.

గరిష్ఠ వేగం మాత్రమే పోయి మిగిలినవి పనిచేస్తే మోటారు మంచిదే. రిలే, దాని ఫ్యూజు, స్విచ్చిలోని చివరి కాంటాక్టులను పరీక్షించాలి. తాళం తీసినా బ్లోయరు ఆగకపోతే రిలే కాంటాక్టులు వేడికి అతుక్కుపోయాయని గానీ, మాడ్యూలు లోపల షార్టు అయిందని గానీ భావించవచ్చును.

ఏ వేగంలోనూ పనిచేయనప్పుడు మొదట ఫ్యూజును చూడాలి. ఇది బాగుంటే మోటారు కనెక్టరు దగ్గరకు వెళ్ళాలి. స్విచ్చిని గరిష్ఠ వేగంలో ఉంచి, కనెక్టరు తగిలించి ఉండగానే మోటారు రెండు తీగల మధ్య వోల్టేజీ కొలవాలి. సుమారు 12 వోల్టులు ఉండి కూడా మోటారు తిరగకపోతే మోటారు చెడిందని నిర్ధారించవచ్చును. రెండు తీగల మధ్య ఏమీ లేకుండా, రెండింటి నుండీ బాడీకి మాత్రం 12 వోల్టులు చూపిస్తే మోటారు వరకు విద్యుత్తు వస్తున్నది గానీ తిరిగి వెళ్ళే దారి తెగి ఉన్నదని అర్థం. కొన్ని సంస్థల ట్రక్కులలో స్విచ్చి ఎర్తు వైపు ఉంటుంది, మరికొన్నింటిలో సరఫరా వైపు ఉంటుంది. అందువలన ఆ నమూనాకు చెందిన వైరింగు పటం చూడకుండా ముందుకు సాగితే తికమక తప్పదు.

డ్యాష్‌బోర్డు అడుగున చేతితో తట్టినప్పుడు తిరగడం మొదలుపెట్టే మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి. తట్టడం వలన అవి ఆర్మేచరును తాత్కాలికంగా తాకుతాయి. ఇటువంటి మోటారు మరికొన్ని రోజులు పనిచేయవచ్చును గానీ దానిని నమ్మి చలికాలంలో దూర ప్రయాణం పెట్టుకోరాదు.

మోటారు తిరుగుతున్న శబ్దం వినిపిస్తూ గాలి మాత్రం రాకపోతే, వడపోత మూసుకుపోవడం, కూలింగ్ కాయిల్ మీద దుమ్ము గానీ మంచు గానీ పేరుకోవడం, చక్రం ఇరుసుపై జారిపోవడం కారణాలు కావచ్చును. 1990, 2000 దశకాలలోని అనేక పికప్ ట్రక్కులలో క్యాబిన్ వడపోత ఉండేది కాదు. అందువలన ఎండుటాకులు, దుమ్ము నేరుగా కాయిల్ వరకు చేరేవి. కొత్త మోటారు అమర్చిన వెంటనే గాలి బలహీనంగా వస్తే తీగలు తారుమారయ్యాయేమో చూడాలి. ఈ తరహా చక్రం వెనక్కి తిరిగినా కొంత గాలిని ముందుకే నెడుతుంది కనుక పొరపాటు వెంటనే బయటపడదు.

కనెక్టరు కాలిపోవడం

రెసిస్టరును బయటకు తీసినప్పుడు దాని కనెక్టరు గోధుమ రంగుకు మారి, ఒకటి రెండు రంధ్రాల వద్ద ప్లాస్టిక్కు కరిగి ఉండడం చాలా ట్రక్కులలో కనిపిస్తుంది. పికప్ ట్రక్కుల క్యాబిన్ పెద్దది కనుక బ్లోయరు కూడా బలమైనది. గరిష్ఠ వేగంలో ఇది 20 ఆంపియర్ల వరకు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ లాగవచ్చును.

కనెక్టరు పిన్ను వదులై లేదా తుప్పు పట్టి అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకొందాం. 20 ఆంపియర్ల వద్ద అక్కడ 2 వోల్టులు పోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మరమ్మతు చేసేవారి సోల్డరింగు ఐరన్ వేడి సుమారుగా ఇంతే. గోరంత పిన్నుపై ఆ వేడి నిలిస్తే ప్లాస్టిక్కు కరగడంలో ఆశ్చర్యం లేదు. వేడికి పిన్ను మరింత వదులవుతుంది, నిరోధం మరింత పెరుగుతుంది.

ఇంత జరుగుతున్నా ఫ్యూజు ఎందుకు తెగదన్న సందేహం సహజంగా కలుగుతుంది. బ్లోయరు ఫ్యూజు సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లది. ఇది తీగలు షార్టు అయినప్పుడు వాటిని కాపాడడానికి ఉద్దేశించినది. పై ఉదాహరణలో ప్రవహిస్తున్నది 20 ఆంపియర్లే కనుక ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్లు లెక్క. అరిగిన బుష్షుల వలన బరువుగా తిరిగే మోటారు ఫ్యూజును తెంపేంత విద్యుత్తును లాగకుండానే ఏళ్ళ తరబడి రెసిస్టరును, కనెక్టరును వేయించగలదు.

రెసిస్టరు చాలా సందర్భాలలో దోషి కాదు, బాధిత భాగం. మోటారును పరీక్షించకుండా, కాలిన కనెక్టరును అలాగే ఉంచి కొత్త రెసిస్టరు బిగిస్తే అది కూడా కొన్ని నెలలలో పోవడం మామూలు. కాబట్టి రెసిస్టరు మార్చే ముందు మోటారు లాగే విద్యుత్తును కొలవాలి. సాధారణ మల్టీమీటరులో 10 ఆంపియర్ల వరకే కొలత ఉంటుంది. దానిని వరుసలో కలిపితే మీటరు ఫ్యూజే పోతుంది. డీసీని కొలిచే క్లాంప్ మీటరును తీగ చుట్టూ ఉంచి చూడడం సరైన పద్ధతి. వచ్చిన అంకెను ఆ నమూనా సర్వీసు పుస్తకంలోని అంకెతో పోల్చాలి. క్లాంప్ మీటరు లేనివారు బ్యాటరీ తీగ తీసివేసి చక్రాన్ని వేలితో తిప్పి చూడవచ్చును. బాగున్న మోటారు సులువుగా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది, పక్కకు ఊగదు.

రెండవ కొలత వోల్టేజీ నష్టం. బ్లోయరు గరిష్ఠ వేగంలో తిరుగుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కు, మోటారు పాజిటివ్‌కు మధ్య మీటరు పెట్టాలి. అలాగే మోటారు నెగటివ్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య కూడా చూడాలి. ఒక్కొక్క వైపు అర వోల్టు కంటే బాగా ఎక్కువ ఉంటే ఆ దారిలో ఎక్కడో వేడి పుడుతున్నదని అర్థం.

ఇక్కడ మరొక విశేషం ఉన్నది. వడపోత మూసుకుపోతే మోటారుపై భారం పెరిగి అది కాలిపోతుందని చాలామంది అనుకొంటారు. పీపా ఆకారపు చక్రంలో గాలి కదలిక తగ్గితే మోటారు పని నిజానికి తగ్గుతుంది, అది లాగే విద్యుత్తు కూడా తగ్గుతుంది. నష్టం రెసిస్టరుకు జరుగుతుంది. దానిని చల్లబరిచే గాలి అందక థర్మల్ ఫ్యూజు తెగుతుంది.

తెగిన థర్మల్ ఫ్యూజు మీదుగా తీగముక్కను అతికించడం, పెద్ద ఫ్యూజు వేయడం అత్యంత ప్రమాదకరం. ఇవి రెండూ లోపాన్ని సరిచేయవు, హెచ్చరికను మాత్రమే తొలగిస్తాయి. ఆ తరువాత వచ్చేది డ్యాష్‌బోర్డు వెనుక మంట.

ఎలుకలు

పొలాలలో, కొట్టాలలో నిలిపి ఉంచే ట్రక్కులలో ఎలుకలు బయటి గాలి దారి గుండా చేరి బ్లోయరు చక్రంలో గూడు కట్టుకొంటాయి. చక్రం తడబడుతూ శబ్దం చేయడం, దుర్వాసన రావడం దీని సూచనలు. అమెరికాలో డీర్ మౌస్ అనే ఎలుక హాంటా వైరస్‌ను మోస్తుంది. 1993లో ఆ దేశపు నైరుతి ప్రాంతంలో ఈ వైరస్ వలన వచ్చే తీవ్రమైన శ్వాసకోశ వ్యాధిని గుర్తించారు. ఎండిన ఎలుక మూత్రం, పెంటికల ధూళిని పీల్చడం వలన ఇది సోకుతుంది. ఆ ధూళిని ముఖం మీదకు ఊదడానికి బ్లోయరును మించిన సాధనం లేదు. కాబట్టి గూడు ఉన్నదన్న అనుమానం కలిగితే బ్లోయరును వేసి చూడరాదు. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, చేతి తొడుగులు ధరించి, ఒక పాలు బ్లీచి ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీరు కలిపి గూటిని బాగా తడిపి, కనీసం 5 నిమిషాలు ఆగి తీసివేయాలి. పొడిగా ఊడ్వరాదు, గాలి గొట్టంతో ఊదరాదు.

భాగాలను మార్చడం

గ్లవ్ బాక్సు వెనుక ప్రయాణికుని ఎయిర్‌బ్యాగు తీగలు ఉంటాయి. ఇవి సాధారణంగా పసుపు రంగు కనెక్టర్లతో ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తీసివేసి, సర్వీసు పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాలి. చాలా ట్రక్కులలో గ్లవ్ బాక్సును కిందికి వంచితే మోటారు, రెసిస్టరు చేతికి అందుతాయి. కొద్దిపాటి మరలతో రెండూ ఊడి వస్తాయి. కాలిన కనెక్టరును తీసివేసి తీగలతో సహా కొత్తది అతకాలి. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం ఇక్కడ పనికిరాదు. ఆ మెలికే మరొక 0.1 ఓమ్ అవుతుంది. తగిన లగ్గులతో నొక్కి, వేడికి ముడుచుకొనే గొట్టం తొడగాలి. మోటారు పైన నీటి మరకలు ఉంటే అద్దం కింది రంధ్రాల నీటికాలువ మూసుకుపోయి ఉంటుంది. దానిని శుభ్రం చేయకపోతే కొత్త మోటారు కూడా తడిసి తుప్పు పడుతుంది.

భారతదేశంలో

ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో గల ఇసుజు కర్మాగారంలో 2016 నుండి డీ-మాక్స్ పికప్ వాహనాలు తయారవుతున్నాయి. తెలుగు ప్రాంతాలలో మంచు సమస్య లేకపోయినా, వర్షాకాలంలో తడిబట్టలతో మనుషులు క్యాబిన్‌లో కూర్చున్నప్పుడు ముందు అద్దానికి పట్టే ఆవిరి ఇక్కడి డ్రైవర్లకు పరిచితమే. 2023 డిసెంబరులో వెలువడిన కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు రవాణా వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. 3.5 టన్నుల లోపు మొత్తం బరువు గల చిన్న పికప్ వాహనాలు ఎన్1 తరగతిలోకి వస్తాయి కనుక ఈ నిబంధన వాటికి వర్తించదు.